పానకాలు చుట్టిన సున్నా

పర్చూరులో పానకాలు నోటికి జడవనివాడు లేడు. అరవై రెండేళ్ల సున్నపు మేస్త్రీ. మాలు సరిగ్గా కలపలేదని కూలివాడి మీదికి తాపీ విసిరిన ఘనుడు. కానీ గోడ విషయంలో మాత్రం అబద్ధమాడి ఎరుగడు. "మనిషి సంగతి దాస్తే ఆ మనిషే పోతాడు, గోడ సంగతి దాస్తే ఇంటిల్లిపాదీ పోతారు" అనేవాడు.

ఊళ్లో వందేళ్లు దాటిన కట్టడాలను పట్టిక రాసి, సర్కారు రక్షణ కిందికి తేవాలని ఖుర్షిదా అనే ఇంజనీరమ్మ వచ్చింది. సాయానికి పానకాలునే పెట్టుకుంది. ఆమె కొలతలు రాసుకునేది. అతను చెక్క సుత్తితో గోడంతా తట్టి, డొల్ల పలికినచోట సుద్దతో సున్నా చుట్టేవాడు. అక్కడ మరమ్మతు కావాలని గుర్తు.

నలభై ఒకటో కట్టడం మిర్చి వ్యాపారి రామకాంత్‌ది. పానకాలు తాత గానుగ సున్నంతో కట్టిన మేడ. తట్టుకుంటూ పోతుంటే పానకాలు కళ్లు చెమర్చాయి. వీధివైపు మూల స్తంభం అడుగున ఒక్కచోటే డొల్ల. అక్కడ సున్నా చుట్టాడు. సంతోషం పట్టలేక నోరు జారాడు.

"రామకాంత్ గారూ, సోమవారం సర్కారుకి కాగితం వెళ్తదండీ. పట్టికలో పడిందా, ఇక మీరు కూడా ముట్టుకోలేరు. ఈ మూల ఒక్కటే బలహీనం. ఇది బాగుచేయించారంటే ఇంకో వందేళ్లు ఢోకా లేదు."

రామకాంత్ నవ్వి మజ్జిగ ఇప్పించాడు. మేడ పడగొట్టి కాంప్లెక్సు లేపాలని అప్పటికే బేరం కుదుర్చుకున్న మనిషతను. వెర్రి పానకాలుకి అదేం తెలుసు!

ఆదివారం పొద్దున్నే జేసీబీ దిగింది. కబురు విని పానకాలు పరుగెత్తుకొచ్చేసరికి అది పక్కగోడను మూడుసార్లు గుద్ది వెనక్కి తగ్గింది. గోడ ఇంచు కదల్లేదు.

"కొట్రా! ఇంకా కొట్రా! మా తాత గోడరా అది!" అని అరుస్తూ పానకాలు జేసీబీకి అడ్డం నిలబడ్డాడు.

రామకాంత్ గడ్డపార అందుకున్నాడు. మొదటి దెబ్బకు పానకాలు కుడి మణికట్టు ఫట్‌మని విరిగింది. రెండోది డొక్కలో పడింది. కూలినవాణ్ణి రామకాంత్ మనుషులిద్దరు చొక్కా పట్టి రోడ్డు మీదికి ఈడ్చేశారు. నోట్లో నెత్తురూ మట్టీ కలిసిపోయాయి.

"ఒరేయ్, అక్కడ కాదురా!" రామకాంత్ డ్రైవరు మీద కేకలేశాడు. "ముసలోడు సుద్దతో సున్నా చుట్టాడు చూడు, ఆడ పొడువు!"

ఒక్క పోటు పడింది. స్తంభం ఒరిగింది, దానితో దూలాలూ పైఅంతస్తూ కుప్పకూలాయి. పానకాలు రోడ్డు మీద పడి గొంతు చించుకుని ఏడ్చాడు. చెయ్యి విరిగినందుకు కాదు, తన చేత్తో గీసిన గీతే ఇంటి ప్రాణం తీసినందుకు. పోలీసులు కేసు రాసుకున్నారు. రామకాంత్ మర్నాటికే బయటికొచ్చి మీసం దువ్వుకున్నాడు.

మూడు నెలలకు కట్టు విప్పించుకుని పానకాలు మళ్లీ పనిలోకొచ్చాడు. నలభై రెండోది వెంకటరావమ్మ గారి ఇల్లు. ఎడంచేత్తో తట్టాడు. వంటింటి గోడ నిలువెత్తునా డొల్ల పలికింది. సుద్ద జేబులోనే ఉండిపోయింది.

"ఎక్కడైనా లోపముందా పానకాలూ?" అని అడిగిందావిడ. వెనక ఆవిడ కొడుకు చెవులు రిక్కించి నిలబడ్డాడు.

పానకాలు అతని ముఖంలోకి చూశాడు.

"ఏం లేదమ్మా, ఉక్కు" అన్నాడు.

"చల్లని మాట చెప్పావు నాయనా" అంటూ వెంకటరావమ్మ ఆ గోడకే వీపు ఆనించి కూర్చుని, కూరగాయల బుట్ట ముందుకు లాక్కుంది.