తెల్ల చీటీ

పైడిరాజు చీటీ అంటించనిదే కిరండూల్‌లోని ఆ గోదాము నుంచి ఒక్క పెట్టె కూడా లారీ ఎక్కదు. ఇనుప ఖనిజం బెల్టుల మీద సరుకును కొలిచి పాతబడ్డ, లోపల రేడియేషన్ పదార్థం ఉన్న గేజీలను పెట్టెల్లో సర్ది, రేడియేషన్ కొలిచే యంత్రం పట్టుకుని గుళ్లో ప్రదక్షిణం చేసినట్టు చుట్టూ తిరుగుతాడు. పెట్టెకు మీటరు దూరంలో నిలబడి కొలవాలి; ఆ దూరానికి టేపును నమ్మడు. సరిగ్గా మీటరుకు కోసి పెట్టుకున్న వెదురుకర్ర ఉంది. యంత్రం చూపిన అంకెను బట్టి తెల్ల చీటీయో పసుపు చీటీయో అంటించి, ఒక్క బుడగ మిగలకుండా అరచేత్తో ఇస్త్రీ చేసినట్టు రుద్దుతాడు. చదువు రాని హమాలీలకు ఆయన చెప్పింది ఒకటే: "తెల్లదైతే భయం లేదు. పసుపుదైతే దించీసి దూరంగా ఎల్లిపోండి."

నిన్న ఒక పెట్టెకు మూడు ఎర్రగీతల పసుపు చీటీ, అన్నిటికన్నా ప్రమాదమైనది, పడింది. "దీనికి వేరే బండి రావాలి సార్, వారం ఆగాలి" అని గొణిగాడు ప్రవీణ్‌కుమార్, మూడేళ్లుగా ఆయన దగ్గరే పని నేర్చుకుంటున్నవాడు. "ఆగుతాది" అన్నాడు పైడిరాజు.

ఈ పొద్దున వచ్చేసరికి హమాలీ హుంగా అదే పెట్టె మీద కూర్చుని సొరబుర్రలోంచి అంబలి తాగుతున్నాడు.

"లెగరా! దాని మీద ఎవుడు కూకోమన్నాడు?"

హుంగా ఉలిక్కిపడి దిగాడు. "తెల్లదే గద సారూ. డర్ లేదని నువ్వే చెప్తివి."

నిజమే, తెల్ల చీటీ. దాని అంచు కింద సన్నగా పసుపు. పైడిరాజు అరచెయ్యి వేసి చూశాడు. ఒక్క బుడగ లేదు. అంత నున్నగా అంటించడం ఆ గోదాములో ఇంకొక్కడికే వచ్చు. నేర్పింది తనే.