సంతకం పెట్టనందుకే లీకైందా?

మాది వరంగల్ కాశిబుగ్గ. జంపఖానాలు నేస్తాను. కిందటేడు ఒకరోజు మగ్గం మీద ఉండగా కుడివైపు పక్కటెముకల కింద పట్టేసినట్టు నొప్పి వచ్చి, పడుగు మీదికే వంగిపోయాను. ముందురోజు పెండ్లిలో మటన్ తిన్నాను కాబట్టి గ్యాస్ అనుకుని గోలీ వేసుకున్నాను. తగ్గింది. మళ్లీ వచ్చినప్పుడు మాత్రం వీపు దాకా పాకింది. మూత్రం చిక్కటి డికాక్షన్ రంగులోకి మారింది. నా భార్య సుజాత నన్ను వెలుతురులోకి లాగి చూసింది.

"ఏందయ్యా, కండ్లు పసుపు పూసినట్టున్నయి. నడువ్, దవాఖానకు పోదాం."

అల్ట్రాసౌండ్, రక్తపరీక్షలు, ఆ తర్వాత ఎంఆర్‌సీపీ అనే స్కాన్ చేశారు. సర్జన్ ఫిల్మ్ చూపించారు.

"గాల్‌బ్లాడర్ నిండ, అంటే పిత్తాశయం నిండ, రాళ్లున్నయి. ఒకటి జారి పిత్తం పోయే గొట్టంల, బైల్ డక్ట్‌ల ఇరుక్కున్నది. ముందుగాల ఇఆర్‌సీపీ చేసి, అంటే నోట్లకెల్లి గొట్టం పంపి, దాన్ని తీస్తం. తర్వాత గాల్‌బ్లాడర్ తీసేస్తం."

అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాతి మాటే మాకు ముల్లులా గుచ్చుకుంది.

"నేను ఈ జబ్బుల మీద రీసెర్చ్ చేస్తున్న. మీరు ఒప్పుకుని సంతకం పెడితే మీ కేసు వివరాలు, తీసిన రాళ్లు అందుల వాడుకుంట. వద్దన్నా ట్రీట్‌మెంట్ల ఏం ఫరక్ ఉండదు."

ఫరక్ లేకపోతే అడగడమెందుకు? బావమరిది శ్రీను నన్ను వరండాలోకి తీసుకుపోయాడు. "బావా, రీసెర్చ్ అంటే ఏందనుకున్నవ్? నీ మీద నేర్చుకుంటాండ్లు. అసలు ఆపరేషనే అక్కర్లేదేమో."

అప్పటినుంచి నాకు ప్రతిదీ అనుమానమే. నర్సు ఇంకోసారి రక్తం తీస్తే ఎవరికోసమని అడిగాను. జూనియర్ డాక్టర్లు మంచం చుట్టూ చేరి ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే దుప్పటి మెడదాకా లాక్కున్నాను. సంతకం పెట్టనని చెప్పాను. వైద్యం కూడా వద్దని ఇంటికి వచ్చేశాను.

ఎవరో ఇచ్చిన కామెర్ల పసరు తాగాను. కొద్దిరోజులకే చలిజ్వరం పట్టుకుంది. ఎన్ని దుప్పట్లు కప్పినా పండ్లు టకటకలాడాయి. ఆటోలో మళ్లీ అదే దవాఖానకు తీసుకుపోయారు. బైల్ డక్ట్‌లో ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పోయిందన్నారు. వెంటనే ఇఆర్‌సీపీ చేసి ఇరుక్కున్న రాయి తీశారు. జ్వరం పూర్తిగా తగ్గాక లాప్రోస్కోపీలో గాల్‌బ్లాడర్ తీశారు. రీసెర్చ్ మాట సర్జన్ మళ్లీ ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదన్నది కొత్త అనుమానం.

ఆపరేషన్ మరునాడు, నా కడుపు పక్కన వేలాడే డ్రెయిన్ సంచిలోకి ఆకుపచ్చని నీరు దిగింది. సర్జన్ వంగి చూసి, "బైల్ లీకైతున్నది" అన్నారు. సుజాత ఇక ఆగలేదు.

"సార్, మీ రీసెర్చ్‌కు సంతకం పెట్టలేదని ఇట్ల చేసిన్రా?"

వార్డంతా మావైపు తిరిగింది. ఆయన కోప్పడతారనుకున్నాను. స్టూల్ లాక్కుని కూర్చున్నారు.

"లేదమ్మా. ఇన్‌ఫెక్షన్‌తోని లోపలంత అతుక్కపోయి ఉండె. గాల్‌బ్లాడర్ కోసి క్లిప్ పెట్టిన కాడ కారుతున్నది. నేను చేసిన ఆపరేషన్లనే అయింది, నేనే చూసుకుంట. మళ్ల ఇఆర్‌సీపీ చేసి లోపల స్టెంట్, అంటే చిన్న గొట్టం, పెడితే మూసుకపోవాలె."

"మూసుకపోకపోతే?" అన్నాను.

"ఇంకో ఆపరేషన్ కావచ్చు. అది గూడ ఇప్పుడే చెప్తున్న."

ఇంకో ఆపరేషనంటే భయమేసింది. కానీ ఈ మనిషి దాచి మాట్లాడడం లేదని మొదటిసారి అనిపించింది. సుజాతకు మాత్రం నమ్మకం కుదరలేదు. రోజూ సంచిలో నీటి రంగు తానే చూసేది, నర్సులు చెప్పింది వినేది కాదు. స్టెంట్ పెట్టాక ఆ ఆకుపచ్చ పల్చబడుతూ వచ్చింది. ఒక పొద్దున సంచి ఖాళీగా ఉంది. సుజాత దాన్ని పట్టుకునే ఏడ్చింది.

స్టెంట్ తీయించుకోవడానికి వెళ్లినప్పుడు నేనే కదిపాను. "సార్, మీ రీసెర్చ్‌ల లీకైన కేసులు గూడ రాస్తరా?"

"అవే ముందు రాయాలె. మంచిగైనయే రాస్తే అది అడ్వర్టైజ్‌మెంట్ అయితది."

నా పేరు బయటికి రాదని చెప్పించుకుని, సుజాత ఎదుట అంతా తెలుగులో చదివించుకుని, అప్పుడు ఒప్పుకున్నాను. నేను మోసపోయానని శ్రీను ఇప్పటికీ అంటాడు. కావచ్చు, కాకపోవచ్చు.

ఇప్పుడు మళ్లీ నేస్తున్నాను. నూనె ఎక్కువైతే కడుపులో తిప్పుతుంది కాబట్టి వేపుళ్లు తగ్గించాను. నా అనుమానపు బుద్ధి మాత్రం పోలేదు. ఏ గోలీ రాసినా ఎందుకని అడుగుతాను.

మీకు చెప్పేదొకటే. కండ్లు పచ్చబడి చలిజ్వరం వస్తే, డాక్టరు మీద ఎంత అనుమానమున్నా నాలాగ దవాఖాన వదిలి రాకండి. అవసరమైతే ఇంకో డాక్టరు దగ్గరికి పోండి. లేదా ఆ అనుమానమేదో మీ డాక్టర్నే, నలుగురి ముందే అడిగేయండి.