ప్రవళిక తిరగరాసిన పేజీ

జనగామలోని ఒక కంటి దవాఖానలో ప్రవళిక ఆరేళ్లు కౌంటర్ దగ్గర కూర్చుంది. ఎవరు ఏ రోజు రావాలో రిజిస్టర్‌లో రాయడం, రాలేనివాళ్లకు తేదీ మార్చడం ఆమె పని. తర్వాత ఆ రిజిస్టర్ కంప్యూటర్‌లోకి మారింది. అందులో కనబడిన తప్పులన్నీ ఏరి, ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన హైదరాబాద్ కంపెనీకి రాసి పంపుతూ ఉండేది. ఏడాది తిరక్కుండానే వాళ్లే ఆమెను పనిలోకి పిలిచారు. సొంతూరు తరిగొప్పులలో, ఇంటి ముందుగదిలో టేబుల్ వేసుకుని చేసే ఉద్యోగం.

ఇప్పుడు దవాఖానకు ఫోన్ చేస్తే మాట్లాడేది మనిషి కాదు, ఏఐ ఏజెంట్. తేదీ మార్చమంటే క్యాలెండర్‌లో మార్చేస్తుంది. అందుకు దానికొక టూల్, అంటే ఆ పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్, ఇచ్చారు. ఆ టూల్‌ను ఎప్పుడు వాడాలి, ఏమేం ఇవ్వాలి, ఏం చేయకూడదు అన్నది ఒక పేజీలో ఉంటుంది. ఆ పేజీలో ఉన్నంతవరకే ఏజెంట్‌కు తెలుస్తుంది. అలాంటి పేజీలు రాసేది ప్రవళిక.

మొన్న జూలైలో ఒక మంగళవారం, పాత దవాఖాన నుంచి స్వాతి ఫోన్ చేసింది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే కౌంటర్‌లో పనిచేసినవాళ్లు.

"అక్కా, మీ ఊరి కొమురవ్వ ఈడ ఏడుస్తున్నది. కంటి ఆపరేషన్‌కు పొద్దుగాల బస్సుకే వచ్చింది. ఆమెకు షుగరున్నదని కంప్యూటర్ల లేదు, మేం షుగర్ పరీక్ష చేపియ్యలే. డాక్టర్ సార్ ఇయ్యాల చెయ్యనన్నడు."

"షుగరున్నదని ఎవరూ రాయలేదా?"

"నేనే రాసిన అక్కా. పోయిన వారం ఫోన్ చేసి తేదీ మార్పిచ్చుకున్నదట. గప్పటిసంది ఆ రాత లేదు."

ప్రవళిక ఫోన్ పెట్టేసి కంప్యూటర్ ముందు కూర్చుంది. టెస్ట్ క్యాలెండర్ తెరిచి, ఉత్తుత్తి పేరుతో ఒక అపాయింట్‌మెంట్ పెట్టి, కింద "షుగర్ ఉంది" అని రాసింది. తేదీ ఒక్కటే మార్చింది. తేదీ మారింది, కింది గడి ఖాళీ అయింది. నాలుగుసార్లు చేస్తే నాలుగుసార్లూ అంతే. టూల్ పాతదాన్ని మొత్తం తుడిచేసి, ఇచ్చినంత మాత్రమే కొత్తగా రాస్తోంది. తన పేజీ తెరిచి చూసుకుంది. "మారాల్సిన వివరం ఒక్కటి ఇస్తే చాలు" అని ఉంది. టూల్ తయారుచేసిన ఇంజనీర్లు చెప్పిన మాటే అది. చేసి చూడకుండా రాసింది మాత్రం తను.

టీమ్‌ను చూసుకునే అమర్‌కు ఫోన్ చేసింది.

"ఏజెంట్ ఏదో పొరపాటు చేసి ఉంటుంది, చూద్దాం" అన్నాడతను.

"లేదు సార్. నేను రాసినట్టే చేసింది. నా రాతే తప్పు."

"అయితే ఆ వాక్యం మార్చేయండి. టూల్‌ను ముట్టుకోవాలంటే నెల పడుతుంది."

"వాక్యం ఇప్పుడే మారుస్త. టూల్ గూడ మారాలె సార్. మారేదాంక నేను ఇడిచిపెట్టను."

ఆ సాయంత్రానికే పేజీ మారింది. ఏజెంట్ ముందు పాత వివరాలన్నీ చదవాలి, మార్పుతోపాటు వాటన్నిటినీ తిరిగి పంపాలి, మార్చాక మళ్లీ చదివి సరిచూడాలి. అంతటితో ఆగలేదామె. రోజూ టెస్ట్ నంబరుకు ఫోన్ చేసి రకరకాలుగా అడిగి చూసింది. పక్కింటి లచ్చవ్వ చేత కూడా మాట్లాడించింది.

"నా దినం బేస్తారానికి జరుపు బిడ్డా" అంది లచ్చవ్వ.

"అలాగేనండి, మీ అపాయింట్‌మెంట్ తప్పకుండా జరుగుతుంది" అని ఏజెంట్ ఫోన్ పెట్టేసింది. తేదీ మారలేదు. జరపడమంటే వెనక్కో ముందుకో నెట్టడమనీ, బేస్తారమంటే గురువారమనీ దానికి ఎవరూ చెప్పలేదు. ప్రవళిక ఆ రెండు మాటలనూ పేజీలోకి ఎక్కించింది.

ఏ రోజు చూసింది ఆ రోజే అమర్‌కు పంపేది. మొదట్లో అతను బదులివ్వలేదు. తొమ్మిదో రోజు తనే పాత రికార్డులు తిరగేసి ఫోన్ చేశాడు.

"మన సాఫ్ట్‌వేర్ వాడే మూడు దవాఖానల్లో నలభై ఒక్కమంది వివరాలు పోయాయండీ. రేపటి నుంచి ఇంజనీర్లు ఇదే పనిమీద ఉంటారు."

పాత కాపీల నుంచి ఆ వివరాలు వెనక్కి తెచ్చారు. ఒక్కొక్కరికీ దవాఖానవాళ్లు ఫోన్ చేసి సరిచూసుకున్నారు. ఆ నెలాఖరుకు టూల్ కూడా మారింది.

కొమురవ్వకు ఆపరేషన్ అయ్యాక ప్రవళిక వాళ్లింటికి వెళ్లింది.

"అవ్వా, ఆ దినం నువ్వు ఉత్తగ తిరిగొచ్చింది నా తప్పుతోనే."

"నువ్వు దవాఖానల లేనే లేవు. నీ తప్పెట్లయితది?"

ప్రవళిక చెప్పుకొచ్చింది. కొమురవ్వ నల్ల అద్దాల వెనుక నుంచి ఓపిగ్గా విన్నది.

"మరి ఇప్పుడు సక్కగ రాసినవా?"

"చేసి చూసి రాసిన అవ్వా."

"గంతే సాలు. కూసో, చాయ్ తాగు."

సోమవారం అమర్ నుంచి కొత్త పని వచ్చింది. అపాయింట్‌మెంట్ రద్దు చేసే టూల్‌కు శుక్రవారంలోగా పేజీ కావాలన్నాడు. టూల్ తన చేతికి వచ్చి, తను వాడి చూసిన రెండు రోజులకు ఇస్తానని ప్రవళిక జవాబు రాసింది. ఆ మధ్యాహ్నమే అమర్ ఆ టూల్‌ను వాడి చూడమని పంపాడు.