కొమురయ్య జేబులోని తాళంచెవి

1979 ఫిబ్రవరిలో నన్ను వరంగల్ సంచార వైద్య విభాగానికి వైద్యాధికారిగా వేశారు. వారంలో ఐదు రోజులు పల్లెలు తిరగాలి. విభాగానికి ఒక పాత కారు ఉండేది. వెనక సీటు తీసేసి మందుల పెట్టెలు పేర్చుకునేవాళ్ళం. డ్రైవర్ కొమురయ్య, హెడ్ క్లర్కు రంగారావు, రోజుకూలీ మీద ఏడేళ్లుగా పనిచేస్తున్న అటెండరు యాకూబ్, నేను. అంతే మా కార్యాలయం.

ప్రభుత్వ బండికి రెండు తాళంచెవులు ఉండాలి. ఒకటి డ్రైవర్ వాడుకుని, సాయంత్రం లాగ్ బుక్కులో కిలోమీటర్లు రాసి, ఆఫీసు గోడ మేకుకు తగిలించి వెళ్ళాలి. రెండోది సీలు వేసిన కవరులో బీరువాలో ఉండాలి. నేను చార్జి తీసుకున్న రోజు ‘తాళంచెవులు రెండు’ అన్న వరుస ఎదురుగా సంతకం పెట్టాను. కవరు చూశాను, విప్పలేదు. అందులో ఏమీ లేదని మే నెలలో తెలిసింది.

ఆ నెలలో ఒక గురువారం కొమురయ్య ఎప్పటిలాగే బండి ఆపి చెవి మేకుకు తగిలించి వెళ్ళాడు. తెల్లవారుజామున ఇంట్లో గుండె ఆగి పోయాడు. శుక్రవారం మధ్యాహ్నం పూడ్చారు. నేనూ వెళ్ళాను. వాళ్ళలో మట్టి పోయకముందు పోయినవాడికి ఇష్టమైనదేదో జేబులో పెట్టే ఆచారం ఉంది. అతని తల్లి మల్లవ్వ గుడ్డలో చుట్టినదేదో చొక్కా జేబులో పెట్టి పైనుంచి రెండుసార్లు తట్టింది. బీడీ కట్ట అనుకున్నాను.

సోమవారం కొత్త డ్రైవర్ వచ్చేసరికి మేకు ఖాళీగా ఉంది. బీరువాలోని కవరు చించితే అదీ ఖాళీ. కారు ఆవరణలో తాళం వేసి ఉంది. అద్దంలోంచి చూస్తే డ్రైవర్ సీటు మీద కొమురయ్య తువ్వాల, పక్కన గురువారం తినకుండా వదిలేసిన అన్నం డబ్బా కనిపించాయి. మే ఎండకు లోపలినుంచి వాసన మొదలైంది. మధ్యాహ్నానికి ఆ వైపు కిటికీలు మూసేశారు. వాసన దేనిదో అందరికీ తెలుసు. అయినా ఎవరూ కారు పక్కనుంచి నడవలేదు.

స్టేషన్ రోడ్డులో తాళాలు బాగుచేసే గౌస్‌ను పిలిపించాను. అరగదీయని చెవిని దీపం మసిలో నల్లగా చేసి, తాళంలో పెట్టి తిప్పి, గీతలు పడ్డచోట ఆకురాయితో రాస్తూ పోతే కొత్త చెవి తయారవుతుంది. అతను మసిపట్టిన చెవిని డోరులో పెట్టి తిప్పబోయాడు. లోపల హారన్ రెండుసార్లు, పొట్టిగా మోగింది.

గౌస్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఊర్లె దిగంగనే గిట్లనే కొట్టేటోడు,” అన్నాడు రంగారావు మెల్లగా.

గౌస్ నన్ను అసలు చెవి ఎక్కడుందని అడిగాడు. ఎవరో దొంగిలించారన్నాను.

“ఎవరో తెల్వకుంటే నేను చెయ్య సాబ్. ఇయ్యాల నేను చెవి చేస్త, రేపు గా దొంగ బండి పట్కపోతడు. పోలీసోళ్ళు ముందుగాల నా దుకాణానికే వస్తరు. తాళమన్న మార్పియ్యుండ్రి, పాత చెవి యాడున్నదో అన్న చెప్పుండ్రి.”

తాళం మార్చాలంటే పైనుంచి మంజూరు కావాలి. మంజూరుకు పోలీసు ఫిర్యాదు నకలు జతచేయాలి. రంగారావు ఫిర్యాదు రాసి తెచ్చాడు. ‘అనుమానితులు’ అన్నచోట యాకూబ్ పేరు ఉంది. శుక్రవారం పొద్దున ఆఫీసు తెరిచింది అతనే. మేమంతా శ్మశానానికి వెళ్ళినప్పుడు కాపలా ఉన్నదీ అతనే. అతని పర్మనెంటు ఫైలు అప్పటికే పై ఆఫీసులో ఉంది. పోలీసు కాగితంలో పేరెక్కితే ఆ ఫైలు అక్కడితో మూతపడేది.

అతన్ని పిలిచి అడిగాను.

“నేను తియ్యలే సార్.”

మరి ఎవరు తీశారన్నాను.

“నేను తియ్యలే. గంతే.”

సంతకానికి సాయంత్రం ఐదింటిదాకా గడువు పెట్టుకున్నాను. కొమురయ్య అలవాటుగా చెవి ఇంటికి పట్టుకెళ్ళాడేమో చూద్దామని, ఆఫీసు వెనక సందులో ఉన్న వాళ్ళింటికి వెళ్ళాను. మల్లవ్వ గడపలో కూర్చుని ఉంది. నేను అడగకముందే చెప్పింది.

“బండి చెవి నేనే పట్కొచ్చిన బిడ్డా.”

ఎక్కడుందన్నాను.

“వానికాన్నే ఉన్నది.”

ఆమె చొక్కా జేబులో పెట్టి తట్టింది బీడీ కట్ట కాదని అప్పుడు అర్థమైంది. కొడుకు పోయాడని చెప్పడానికి ఆమె శుక్రవారం పొద్దున్నే ఆఫీసుకు వచ్చింది. యాకూబ్ నన్ను పిలవడానికి పరుగెత్తాడు. ఆమె ఒక్కతే మేకు ముందు మిగిలింది.

“లేవంగనే జేబు తడుముకునేటోడు. చెవి తగిలితేనే మంచం దిగేటోడు. గది లేకుంట ఎట్ల పంపాలె?” అంది. కొంచెం ఆగి, “ఇచ్చినంక గూడ నిన్నటిదాంక పొద్దుగాల హారన్ ఇనబడుతనే ఉండె. ఇంకేం మరిశిన్నో అనుకుంట కూసున్న,” అంది.

రెండో శనివారం, ఆదివారం సెలవులని ఆఫీసు గేటుకు తాళం ఉంది. నేను గడప అంచున కూర్చున్నాను. అప్పటికి నాకు ముప్ఫై ఒక్కేళ్ళు. రెండేళ్ల కిందట నా భార్యను కాష్ఠం మీద పడుకోబెట్టినప్పుడు, కళ్ళద్దాలు తీయబోయిన వాళ్ళను వద్దన్నాను. అవి లేకుండా ఆమెకు ఎదురుగా ఉన్న మనిషి ముఖం ఆనదు.

ఆఫీసుకు వచ్చి యాకూబ్‌ను మళ్ళీ పిలిచాను. పరుగెత్తి తిరిగి వచ్చేసరికి మేకు ఖాళీగా, ముసలామె పిడికిలి మూసి కనిపించాయట. ఎందుకు చెప్పలేదన్నాను.

“చెప్తే తవ్విస్తరు సార్. రంగారావు సారైతే కొమురయ్యన్నను రశీదు గూడ అడుగుతడు.”

రంగారావు నవ్వలేదు. మెజిస్ట్రేటు అనుమతి తీసుకుంటే తవ్వించవచ్చని నిజంగానే అన్నాడు.

“నంబరున్న చెవి సార్. రిజిస్టర్ల ఉండాల్సింది మట్టిల ఉంటే ఆడిట్‌కు ఏం జవాబియ్యాలె?”

నేను ఆ ఫిర్యాదు చించేసి కొత్తది రాశాను. చెవి నా అశ్రద్ధ వల్ల పోయిందని, అనుమానితులు ఎవరూ లేరని రాసి సంతకం పెట్టాను. రెండో మాట నిజం. మొదటిది, విప్పని కవరు గుర్తొస్తే, పూర్తిగా అబద్ధం కాదు. తర్వాత మెమో వచ్చింది. సంజాయిషీ ఇచ్చాను. యాకూబ్‌కు ఆ మరుసటి ఏడాది ఆర్డరు వచ్చింది.

అన్నం డబ్బా తీయడానికి ఆ సాయంత్రమే గౌస్ చిన్న అద్దం సందులోంచి తీగ దూర్చి డోరు తెరిచాడు. మెకానిక్ చూసి, స్టీరింగు కింద హారన్ వైరు ఒరుసుకుపోయిందని, బండి కదిలితే మోగుతుందని చెప్పాడు. ఆ రెండు రోజులు బండిని ఎవరు కదిపారో నేను అడగలేదు.

పాత చెవి ఎక్కడుందో గౌస్‌కు చెప్పాను.

“పక్కా?” అన్నాడు.

పక్కా అన్నాను.

“అయితే చెవి చేస్త సాబ్. ఆడికెళ్ళి ఎవడు తెస్తడు?” అని ఆకురాయి చేతిలోకి తీసుకున్నాడు. డ్రైవర్ సీటు వైపు ఒకసారి చూసి, మళ్ళీ సంచిలో పెట్టేశాడు. “వద్దు. తాళమే మారుద్దాం.”

మంజూరు వచ్చాక తాళం మార్చాం.

ఉన్న ఒక్క చెవీ పోయినప్పుడు చేయాల్సిన పనులు కొన్నే. బండి కదలకుండా బ్యాటరీ వైరు తీయించాలి. పోలీసులకు రాతపూర్వకంగా చెప్పాలి. చెవికి నకలు చేయించకుండా తాళం మార్చాలి. ఇవి ఏ డ్రైవరైనా చెబుతాడు. నేను నేర్చుకున్నది అనుమానితుల పేర్లు రాసే చోటు గురించి. అది నింపేముందు ఆ వస్తువు ఎవరికి అవసరమైందో వెళ్ళి అడగాలి. ఆ సోమవారం మల్లవ్వ ఇంట్లో లేకపోయి ఉంటే, ఐదింటికి నేను సంతకం పెట్టేవాణ్ణే.