పది నిమిషాలు ముందున్న గడియారం

కోరుట్లలోని మా స్టీలు సామాన్ల దుకాణంలో గోడ గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందుంటుంది. మా నాన్న పెట్టిన అలవాటు. పక్క దుకాణం కన్నా ముందు మన షట్టరు లేవాలి, ముందు బోణీ మనకే కావాలి. చేతికి ఫోను వచ్చాక దానికీ అదే అలవాటు చేశాను. చూసిన ప్రతిసారీ మనసులో పది తీసేసుకుంటాను. చెప్పిన ధరలోంచి ఎంత తీసెయ్యాలో తెలిసినవాడికి ఇదో లెక్కా?

మా బిడ్డకు సిరిసిల్లలో ఉద్యోగం. రోజూ బస్సే. ఇంటి ముందు కారు ఊరికే ఎండుతోంది కదా, నడుపుకుంటూ పోతానని తను, కుదరదని నేను. ఇంతలో జగిత్యాలలో కార్లున్నవాళ్లు కొందరు కలిసి ర్యాలీ పెడుతున్నారని తెలిసింది. కోరుట్ల, రుద్రంగి మీదుగా సిరిసిల్ల దాకా, అంటే తను పోతానంటున్న దారే. పోటీ వేగంలో కాదు. చెక్ పాయింటుకు చెప్పిన సమయానికే చేరాలి. ఆలస్యమైనా తప్పే, ముందు పోయినా తప్పే. ముందు వచ్చినవాడికి శిక్ష వేస్తారని దుకాణదారుడి కొడుకుగా నేనెన్నడూ వినలేదు.

బిడ్డ బేరం పెట్టింది. తను నడుపుతుంది, నేను పక్కన కూర్చుని టైం చూడాలి. ఎక్కడా ఆలస్యం కాకపోతే కారు తాళం తనది. ఎక్కడో ఒకచోట కాకపోదులే అని ఒప్పుకున్నాను.

పోయినసారి ఒక్కో చేతి గడియారం ఒక్కో మాట చెప్పి కొట్లాట దాకా వచ్చిందట. అందుకని ఈసారి ఫోన్లే సాక్ష్యం. చెక్ పాయింటు దగ్గర గీసిన గీత దాటే ప్రతి కారునూ అక్కడి మనిషి ఫోటో తీసి గ్రూపులో పెడతాడు. అందరి ఫోన్లలోనూ నెట్‌వర్క్ టైమే ఉండాలి. బయల్దేరే ముందు ఒకాయన కారు కారుకూ తిరిగి అది సరిచేశాడు. అప్పుడు నేను ఫోను సీట్లో వదిలేసి, కారుకొకటి ఇచ్చే టోపీ మాకు రెండెందుకు ఇవ్వరని అవతల వాదిస్తున్నాను. బిడ్డ కేకేసి ఏదో చెప్పింది. సరే సరే అన్నాను. రెండో టోపీ సాధించాను.

కారు కదిలాక మాత్రం బేరం సంగతి మరిచిపోయి, గెలవాలనిపించింది. కోరుట్లలో మా దుకాణం ముందు నుంచే పోయాం. మాది మూసి ఉంది, పక్కది తెరిచి ఉంది. అప్పటి నుంచి కాలు ఒకచోట నిలవలేదు. అద్దం దించాను, ఎక్కించాను, ఫోను చూశాను, మళ్లీ చూశాను. రుద్రంగి పొలిమేరలో పది తీసేసి చూస్తే ఇంకా బోలెడు టైముంది. పక్కకు ఆపమన్నాను.

"గీడ ఆపుడేంది బాపు? టైం అయితుంది."

"నేను చెప్తున్న గద, ఆపు."

ఆపింది. వెనకున్న కార్లు ఒక్కొక్కటే దాటిపోతుంటే, ఎంత తొందర వీళ్లకు అని నవ్వాను.

గీత దగ్గర మనిషి మేము ఆలస్యమన్నాడు. వాదించడానికి నా ఫోను తీసి ఆయన ఫోను పక్కన పెట్టాను. రెండూ ఒకటే టైం చూపించాయి.

"నీ ఫోన్ల టైం సక్కజేసిన్రని జగిత్యాలల్నే చెప్పిన. నువ్వు టోపీ కాడ ఉంటివి," అంది బిడ్డ.

ఫోను తీసుకుని తన ముందు పెట్టుకుంది. సిరిసిల్ల దాకా నోరు తెరవొద్దంది. చేతిలో ఏమీ లేక ఆ రెండో టోపీనే నలిపాను. సిరిసిల్ల గీతను సరిగ్గా చెప్పిన నిమిషానికి దాటింది.

బేరం బేరమే, ఆలస్యమైతే అయింది కదా అన్నాను.

"ఆగుమన్నదెవరు? నేను నడిపిన కాడ ఒక్క నిమిషం తప్పిందా?"

ఎంతో కొంత తగ్గిద్దామని, వానపడ్డ రోజు బస్సుకే పోవాలన్నాను.

"బస్సు రానిదే వానపడ్డ రోజు బాపు."

చివరికి, చేరగానే మెసేజ్ పెట్టాలన్నాను. దానికి ఒప్పుకుంది. తాళం ఇచ్చేశాను.

రోజూ చేరగానే మెసేజ్ పెడుతుంది, మాట తప్పదు. కానీ నేను చూసేది గోడ గడియారం. దాని లెక్కన తను ప్రతిరోజూ పది నిమిషాలు ఆలస్యం. తీసెయ్యాలని తెలుసు. తీసెయ్యలేను. ఆ కాసేపట్లో గిరాకీకి ఏం ధర చెబుతున్నానో నాకే తెలియదు. ఆ సంగతి కనిపెట్టిన వాళ్లు కొందరు సరిగ్గా ఆ వేళకే వస్తున్నారు.