భూలక్ష్మి వాదించాల్సిన కేసు

మా సీనియరు కామేశ్వరరావు గారు 1999లో కొండాపూర్‌లో ఇంకో ఆఫీసు తెరిచారు. హైటెక్ సిటీకి కంపెనీలు వస్తున్నాయి కదా, వాటి కేసులన్నీ తనకే రావాలని ఆశ. కొత్త బోర్డు మీద తన పేరు కింద జూనియరు భూలక్ష్మి పేరు కూడా రాయించారు. తొమ్మిదేళ్ల చాకిరీ తరవాత! ఆయన గుమాస్తాను కనక పెయింటరును పిలుచుకొచ్చింది నేనే.

భూలక్ష్మిది హఫీజ్‌పేట్. బట్టలుతికే ఇంట్లో పుట్టి లా చదివింది. రెండు బస్సులు మారి జిల్లా కోర్టుకు వచ్చేది. దావాలు రాసేది, సెక్షన్లు వెతికేది. వాదించేది మాత్రం సీనియర్ గారు, లేదా ఆయన మేనల్లుడు. భార్యాభర్తల గొడవలొస్తే ఏడ్చే ఆడవాళ్లను ఓదార్చడానికి ఈమె కావాలి. మిగతా రోజుల్లో జడ్జి గారి ముందు నిలబడి వాయిదా అడగడమే పని. ఒక్క కేసైనా తను వాదించాలని ఆమె కోరిక. నాతో చాలాసార్లు అంది, నేను ఊఁ కొట్టి ఊరుకున్నాను.

ఒకరోజు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి సంయుక్త అనే ఆఫీసరు వచ్చింది. "మా దగ్గర లేడీ అడ్వొకేట్ కూడా ఉన్నారండీ," అని సీనియర్ గారు భూలక్ష్మిని చూపించారు.

"మంచిది. మీరు సొంతంగా ఎన్ని కేసులు వాదించారండీ?" అని సంయుక్త ఆమెనే అడిగింది.

సీనియర్ గారు దగ్గి, "సోమవారం చెన్నమ్మ పొలం కేసు ఈవిడే వాదిస్తోందండీ," అనేశారు.

అన్నాక తప్పక ఫైలు ఆమెకిచ్చారు. సోమవారం దాకా ఉన్న నాలుగు రోజులూ ఆమెకు అన్నం సహించలేదు. "అన్నా, జర విను," అంటూ నాకే రెండుసార్లు వాదన వినిపించింది. ఇరవయ్యేళ్లుగా వకీళ్లను వింటున్నాను. ఆమె వాదన సీనియర్ గారి కంటే బాగుంది.

సోమవారం కేసు పిలిచారు. భూలక్ష్మి లేచింది. జడ్జి గారు తలెత్తకుండానే, "ఊఁ, చెప్పండి," అన్నారు.

"సీనియర్ గారు హైకోర్టులో ఉన్నారు సార్. వాయిదా ఇప్పించండి."

తడుముకోకుండా, గబగబా అనేసింది. అవతలి వకీలు అభ్యంతరం లేదన్నాడు. ఆమె తేరుకునేలోపే జడ్జి గారు నెల తరవాతి తేదీ వేసి ఇంకో కేసు పిలిపించారు.

వరండాలో చెన్నమ్మ, "పోనీ తియ్యి బిడ్డా, పెద్దసారు వచ్చినంక ఆయనే మాట్లాడుతడు," అంది. ఓదార్పు అనుకునే అంది పాపం.

ఆమె వెళ్లాక భూలక్ష్మి బెంచీ మీద కూలబడింది. "నా నోట్లకెళ్లి గదెట్ల వచ్చిందన్నా? అన్నీ యాదికున్నయి. లేస్తనే అదే వచ్చింది."

తొమ్మిదేళ్ల కిందట, ఆమె కోర్టుకు వచ్చిన మొదటిరోజు పక్కకు పిలిచి ఆ రెండు వాక్యాలూ బట్టీ పట్టించింది నేనే. ఇవి చాలమ్మా, ఇంకేం మాట్లాడకు అన్నాను. మంచి చెబుతున్నాననే అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను కానీ, ఆ సంగతి ఆమెతో అనలేకపోయాను.

నెల తరవాత సీనియర్ గారే వెళ్లారు. భూలక్ష్మి రాసిపెట్టిన కాగితాలే చూసి చదివారు. కేసు గెలిచారు.