సారు చెకుముకి డబ్బా

మా సైన్సు సారు పోయిన వారం కన్నుమూశారు. నారాయణగూడ బడిలో ఆయన దగ్గర చదువుకున్న మీలో చాలామందికి ఈ కబురు ఈపాటికే చేరి ఉంటుంది. వచ్చే ఆదివారం చిక్కడపల్లిలో వాళ్లింటి మేడ మీద మనమంతా కలుస్తున్నాం. ఆ రోజు సారు పటం ముందు దీపాన్ని అగ్గిపెట్టెతో కాకుండా ఆయన చెకుముకితోనే వెలిగిస్తానని మేడమ్‌కు, అదే సారు భార్యకు, మాట ఇచ్చాను. ఇచ్చినప్పటి నుంచి భయం పట్టుకుంది. అందుకే ఇప్పుడే రాయాల్సి వస్తోంది.

సారు ఏటా తొమ్మిదో తరగతి పిల్లల చేత చెకుముకి సామాను సమకూర్పించేవారు. ఒక పలుగురాయి, ఒక ఉక్కు ముక్క, రవ్వ పట్టడానికి మాడ్చిన నూలుగుడ్డ, మంట అందుకోవడానికి కాస్త కొబ్బరి పీచు, ఇవన్నీ పట్టే రేకు డబ్బా. అగ్గిపుల్ల ఉండగా ఇదంతా ఎందుకని ఎవరో అడిగితే, "అగ్గిపుల్ల గీస్తే మంట కనిపిస్తుందిరా. నిప్పు ఎలా పుట్టిందో కనిపించదు" అన్నారు.

మొదటి రోజు ఉక్కు ముక్క కోసం అరిగిపోయిన ఆకురాయి తెమ్మన్నారు. పేరులో రాయి ఉంది కదా అని నేను రాంనగర్ గల్లీలన్నీ వెతికి, ఆకులా పలచగా ఉన్న రాయి ఒకటి పట్టుకెళ్లాను. క్లాసంతా నవ్వింది.

"ఏందే, ఆకురాయి అంటే ఇనుము అరగదీసేది! గది గూడ తెల్వదా?" అంది పక్కనున్న పిల్ల.

సారు నవ్వలేదు. ఆ రాయిని అటూ ఇటూ తిప్పి చూశారు. "తప్పు ఈ అమ్మాయిది కాదు. ఇనుముకు రాయి అని పేరు పెట్టినవాడిది" అన్నారు. మర్నాడు ఆయనే ఒక పాత ఆకురాయిని విరిచి, నున్నగా సానపట్టించి తెచ్చి ఇచ్చారు.

పలుగురాయి మాత్రం మా నాన్న తెచ్చాడు. ఆయనది బండలు కొట్టే పని. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. ఇక చాలు, మాన్పిద్దామన్న మాట కూడా అప్పట్లో నడుస్తోంది. అలాంటి రోజుల్లో నేను ఇంట్లో కూర్చుని రాయినీ ఉక్కునూ టకటకా కొడుతుంటే అమ్మకు ఒళ్లు మండి, నేరుగా బడికే వచ్చింది.

"సారూ, రాళ్లు కొట్టొద్దనే గద పిల్లను బడికి తోలింది. మీరు గూడ రాళ్లే కొట్టిస్తున్నరా?"

సారు కుర్చీలోంచి లేచి, అమ్మను అందులో కూర్చోబెట్టారు. "మీ ఆయన సుత్తి దెబ్బకు రవ్వలు లేస్తాయి కదమ్మా. ఎందుకు లేస్తాయో మీ అమ్మాయి చెబుతుంది, వినండి."

నేను చెప్పాను. రాయి ఇనుమును సన్నగా గీకుతుందని, ఆ పొట్టు వేడికి గాలిలోనే అంటుకుంటుందని, మనకు కనిపించే రవ్వ రాయిది కాదు, ఇనుముదని. అమ్మ చివరిదాకా విన్నది.

"గీ ముచ్చట మీ నాయనకు గూడ చెప్పు" అని లేచి వెళ్లిపోయింది. బడి మాన్పించే మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు.

మొన్న మేడమ్ నాకు సారు డబ్బా ఇచ్చారు. "ఇంటికి నడిచి వస్తూ ఎక్కడ తెల్లరాయి కనిపించినా జేబులో వేసుకునేవారమ్మా. చొక్కా జేబులన్నీ చిరిగేవి అలాగే" అన్నారు. డబ్బాలో సారు మాడ్చిన గుడ్డ ముక్కలు రెండే మిగిలాయి, బొటనవేలి గోరంత. వాటితో సాధన చేయడానికి నాకు ధైర్యం చాలలేదు.

గుడ్డను నేనే కొత్తగా మాడ్చుదామని అశోక్‌నగర్‌లో మా హాస్టల్ మేడ మీద ప్రయత్నించాను. నూలుదని అమ్మిన గుడ్డ అసలు నూలుది కాదేమో, డబ్బాలో కరిగి ముద్దయింది. పొగ చూసి హాస్టల్ ఆంటీ పైకి పరుగెత్తుకొచ్చింది. "చదువుకుంటవా, బిల్డింగ్ తగలబెడ్తవా? జర నన్ను పరేషాన్ చెయ్యకమ్మా!" అమ్మ పాత చీర ముక్క బాగానే మాడింది. రవ్వ కూడా పట్టింది. కానీ రాయి, ఉక్కు పక్కన పెట్టి, గుడ్డను పీచులోకి చేర్చి ఊదేలోపే ఆరిపోయింది. ఎన్నిసార్లు చేసినా అంతే. "రవ్వకు తడి పడదు. చెమట కూడా తడే" అనేవారు సారు. నా చేతులకేమో చెమట ఆగడం లేదు.

తర్వాత గుర్తొచ్చింది. సారు ఈ పని ఎవరి చేతా ఒంటరిగా చేయించలేదు. జంటలుగా కూర్చోబెట్టేవారు. ఒకరు కొట్టాలి, ఒకరు ఊదాలి. నేనెప్పుడూ కొట్టేదాన్నే. ఊదడం నేర్చుకోలేదు. పసిపిల్ల కంట్లో నలుసును ఊదినట్టు మెల్లగా, పొడుగ్గా ఊదాలట.

మీలో అలా ఊదినవాళ్లు ఎవరైనా ఉంటే, దయచేసి వచ్చే శుక్రవారం సాయంత్రంలోగా నాకు జవాబు రాయండి. ఏ బ్యాచ్ అయినా సరే. శనివారం మేడమ్ వాళ్లింట్లో అమ్మ చీర ముక్కలతో ఒకసారి చేసి చూద్దాం. సారు మాడ్చిన ముక్కలు ఆదివారానికి ఉంచుదాం. నేను కొడతాను. రవ్వ పట్టగానే గుడ్డను పీచులో పెట్టి, ఆ పీచును మీ దోసిట్లో ఉంచుతాను.